యంత్రానికి తలంటు

నమోదు 61
జూన్, రెండో శనివారం. ధూళి: ఆరు గ్రాములు. ఫిల్టరు: బాగుంది.

ఈ రిజిస్టరులో అన్ని గళ్ళూ అంకె పట్టేంతే ఉంటాయి, రిమార్కుల గడి మాత్రం అరచెయ్యంత ఉంది. దీన్ని పాఠ కేంద్రంలో చదివేవాళ్ళు ఉన్నారంటారు. రెండున్నరేళ్ళుగా నింపుతున్నాను, ఒక్కరూ ఒక్క ముక్క అడగలేదు. ఆమధ్య పరీక్షించడానికి ఒకసారి రిమార్కుల్లో మా ఇంటి వంకాయ కూర ఎలా వండాలో రాశాను. దానికీ ఎవరూ నోరెత్తలేదు. కాబట్టి ఇకమీదట ఇందులో నాకు తోచింది రాస్తాను. గడి చాలకపోతే వెనక పేజీ ఉంది.

నా పేరు పంపన సుభాషిణి. మూడో గట్టు బడిలో పరికర సంరక్షకురాలిని. అంటే ప్రొజెక్టరుకి ఆయాని. ఊళ్ళో ఉన్నప్పుడు టీచరుని. ఊరు సముద్రంలో కలిసింది, టీచరు ఉద్యోగం గోడమీద బొమ్మలో కలిసింది. పాఠం కేంద్రం నుంచి వస్తుంది, ప్రొజెక్టరు దాన్ని గోడమీద వేస్తుంది, పిల్లలు చూస్తారు. నా నియామక పత్రంలో పిల్లల మాట ఎక్కడా లేదు. అయినా వాళ్ళు నన్ను టీచరుగారూ అనే పిలుస్తారు. నేను వద్దనలేదు.

ఇవాళ తలంటు రోజు. ఆ పేరు పిల్లలు పెట్టింది. పదిహేను రోజులకోసారి నేను ఫిల్టరు శుభ్రం చేస్తుంటే ముప్పైఒక్కమందీ కిటికీ అద్దానికి అవతల ముక్కులు ఆనించి "యంత్రానికి తలంటు, యంత్రానికి తలంటు" అని పాడతారు. గదిలోకి మాత్రం ఒక్కరినీ రానివ్వను. నాకు ముందు ఈ పని చేసినాయన ఫిల్టరుని కిటికీ అంచుకేసి టపటపా కొట్టేవాడట. బాగా చదివిన పిల్లకి బహుమతిగా ఆ కొట్టే పని ఇచ్చేవాడట కూడా, వెనకటి రోజుల్లో నల్లబల్ల డస్టరు దులపమన్నట్టు. ఆ డస్టరు కోసం నేనూ చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకున్నాను, కాదనను. కానీ అది సుద్ద. ఇది పాత కరెంటు ఫ్యాక్టరీ యాభై ఏళ్ళపాటు బొగ్గు కాల్చి గుట్టపోసిన బూడిద. ఊళ్ళు మునిగినవాళ్ళం ఉంటున్న ఈ గట్లన్నీ అదే. ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే మళ్ళీ బయటికి రాదు. ఆయన కొట్టినచోట గోడమీద మరక ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు తుడిచినా పోలేదు.

నా పద్ధతి నాకుంది. ముందు ప్రొజెక్టరు ఆపుతాను. ఆపగానే ప్లగ్గు పీకను, లోపలి ఫ్యాను దానంతటది తిరిగి ఆగాలి. దీపం చల్లారడానికి అరగంట పడుతుంది. ఈలోగా తలుపు కింద తడిగోనె దూరుస్తాను. ముక్కుకి మాస్కు, కళ్ళకి అద్దాలు, తలకి గుడ్డ. అప్పుడు ప్లగ్గు తీసి, బల్లమీద తడిపిన పాతచీర పరిచి, దానిమీద స్టీలు పళ్ళెం పెట్టి, ఫిల్టరుని విదిలించకుండా నిద్రపోతున్న పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి అందులో పడుకోబెడతాను. మెత్తటి బ్రష్షుతో మడతల వెంబడి ఒకే వైపుకి దువ్వాలి. నోటితో ఊదకూడదు. నీళ్ళు తగలకూడదు, తగిలితే మడతలు ఉబ్బిపోతాయి. వెలుతురుకెత్తి చిల్లులున్నాయేమో చూసి, మళ్ళీ టక్కుమనేదాకా లోపలికి తొయ్యాలి. పళ్ళెంలో రాలింది కాటామీద తూచి, నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి ముద్దచేసి, కవర్లో మూతికట్టి, తేదీ రాసి బీరువాలో పెడతాను. నేల తడిగుడ్డతో తుడిచాకే పిల్లల్ని రమ్మంటాను.

కవర్లు పారెయ్యమని రూలు. ఎక్కడ పారెయ్యను? చుట్టూ ఉన్నదంతా అదే.


నమోదు 62
జూన్, నాలుగో శనివారం. ధూళి: తొమ్మిది గ్రాములు. ఫిల్టరు: ఫరవాలేదు.

ఆరు నుంచి తొమ్మిదికి ఎందుకు పెరిగిందో తెలుసుకోవడానికి గొప్ప చదువు అక్కర్లేదు, కిటికీలోంచి చూస్తే చాలు. సముద్రానికి అడ్డంగా కట్టే గోడకి ఇటుకలు కావాలి, ఇటుకలకి బూడిద కావాలి. ఇన్నాళ్ళూ ఒకటో గట్టు తవ్వారు. అది అయిపోయిందని ఇప్పుడు మా మూడో గట్టుకి వచ్చారు. బూడిద మోసే బెల్టుని మా బడికి రెండొందల అడుగుల దూరంలో వేశారు. పైన కప్పు లేదు. అడిగితే వస్తుందన్నారు. ఏ ఏడాదిలో వస్తుందో చెప్పలేదు.

ఇంకొకటి కనిపెట్టాను. నేను కనిపెట్టానని గొప్పలు పోకూడదు, కనిపెట్టింది రోల్ నంబరు పద్నాలుగు, అలివేణి. పదేళ్ళ పిల్ల. సన్నగా, చెవులు పెద్దగా ఉంటుంది. ప్రొజెక్టరు గది మధ్యలో బల్లమీద ఉంటుంది కదా, దాని కుడిపక్క జాలీలోంచి వేడిగాలి బయటికి వస్తుంది. ఎండాకాలంలో ఆ పక్కకి ఎవరూ పోరు. ఈ పిల్ల మాత్రం రోజూ ఆ జాలీకి చెంప ఆనించి కూర్చుంటుంది. మూడుసార్లు లేపి మొదటి వరసలో కూర్చోబెట్టాను. మూడుసార్లూ పిల్లిలా మళ్ళీ అక్కడికే చేరింది. నాలుగోసారి చెవి పట్టుకుని ఏంటే నీ తిక్క అని అడిగాను.

"అక్కడ గాలి ఏడిగా ఉంటాది గానండి, దగ్గు రాదండి టీచరుగారూ" అంది.

నేను నమ్మలేదు. రెండు తెల్ల జేబురుమాళ్ళు తడిపి, ఒకటి జాలీ ముందు, ఒకటి వెనక బెంచీ దగ్గర కట్టాను. సాయంత్రానికి బెంచీ దగ్గరది బూడిద రంగులోకి మారింది. జాలీ ముందుది ఆరిపోయి తెల్లగా ఉంది. ఈ బడి మొత్తంలో వడకట్టిన గాలి వచ్చే చోటు ఆ జానెడు జాలీ ఒక్కటే. అది ఆ పిల్ల ముక్కుకి తెలిసింది, నా చదువుకి తెలియలేదు.

ఆ చోటు దానికే ఇచ్చేశాను. మిగతా పిల్లలు ఏసీ సీటని వెక్కిరిస్తున్నారు. వెక్కిరిస్తూనే నీళ్ళు తాగడానికి వెళ్ళేటప్పుడు తలా ఒకసారి అక్కడ ఆగి ఊపిరి పీల్చి పోతున్నారు.


నమోదు 63
జూలై, రెండో శనివారం. ధూళి: పన్నెండు గ్రాములు. ఫిల్టరు: మడతలు నల్లబడ్డాయి.

బుధవారం గోడమీద పాఠం ఊపిరితిత్తుల గురించి. కేంద్రంలో బొమ్మలు వేసేవాళ్ళకి రంగులంటే మహా ఇష్టం. గులాబీరంగులో రెండు తిత్తులు గోడంత పెద్దవిగా ఉబ్బుతూ తగ్గుతూ ఉన్నాయి. ముక్కులోని వెంట్రుకలు ధూళిని వడకడతాయనీ, ఉదయాన్నే పచ్చిక మీద నడవాలనీ ఒక తియ్యటి గొంతు చెప్పింది. పచ్చిక అంటే ఏమిటని ఇద్దరు అడిగారు.

అలివేణి అడిగింది వేరే. "మిసనుకి మీరు దులుపుతారు కదండి. మా లోపలియ్యి ఎవరు దులుపుతారండి?"

దగ్గు వస్తుంది కదా, దగ్గడమే దులపడం అన్నాను. అది బుర్ర ఊపి, సరిగ్గా అప్పుడే దగ్గి, దులిపేశానండి అని నవ్వింది. క్లాసంతా దగ్గి నవ్వారు. సగంమంది కావాలని దగ్గారు. మిగతా సగం ఆపుకోలేక దగ్గారు.

శుక్రవారం దాని తల్లి పోలమ్మ వచ్చింది. బెల్టు దగ్గర పారపని చేస్తుంది. కనుబొమ్మల దగ్గర్నుంచి పాదాలదాకా ఒకే రంగులో ఉంది. గుమ్మం బయటే నిలబడి, లోపలికి రమ్మంటే నా వంటిమీదది గదిలో రాలుద్దండి అంది. పిల్ల పడుకుంటే గుండెలో ఈల వేసినట్టు చప్పుడు వస్తోందట. తెల్లవార్లూ కూర్చునే నిద్రపోతోందట. బళ్ళో మాత్రం నయంగా ఉంటుందని చెబుతోందట, నిజమేనా అని అడగడానికి వచ్చింది.

ఎక్కడికైనా తీసుకుపోరాదా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఎక్కడికండి? మా ఊరు నీళ్ళల్లో ఉంది. బెల్టు పని మానేత్తే గట్టుమీద గది ఉంచరండి. ఆ మిసను పక్క సోటు మాత్రం దానికి తియ్యకండి టీచరుగారూ."

తియ్యనని చెప్పాను. నేను ఉన్నంతకాలం ఆ చోటు దానిదేనని మాట ఇచ్చాను.


నమోదు 64
జూలై, నాలుగో శనివారం. ధూళి: పదిహేను గ్రాములు. ఫిల్టరు: మార్చాను.

ఆరోగ్య విభాగానికి నేను పెట్టిన ఫిర్యాదులు ఇవాళ్టికి ఆరు. ఆరింటికీ ఒకే జవాబు వచ్చింది, మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది అని. మొదటిది పెట్టి ఏడాదిన్నర అయింది. ఏడాదిన్నరగా ఏం పరిశీలిస్తున్నారో వాళ్ళకైనా తెలుసో లేదో.

వాళ్ళ దగ్గర ఒక లెక్క ఉంది. గట్టుమీద గాలిని కొలిచే మీటరు ఒకటుంది, అది రోజూ "గాలి: మంచిది" అని చూపిస్తుంది. ఆ మీటరు ఎక్కడుందో ఎవరైనా వచ్చి చూడండి బాబూ. నీళ్ళ ట్యాంకు పైన, నీళ్ళు చిమ్మే గొట్టం పక్కన ఉంది. దాని చుట్టూ ఇరవైనాలుగ్గంటలూ తుంపర. అక్కడ గాలి మంచిగా ఉండక ఏం చేస్తుంది? పిల్లలందరినీ తీసుకెళ్ళి ట్యాంకుమీద కూర్చోబెట్టమంటారేమో.

నా దగ్గరున్న ఫిల్టరు మాత్రం అబద్ధం చెప్పదు. బీరువాలో అరవైనాలుగు కవర్లున్నాయి, తేదీలతో సహా. వరసగా పేర్చి చూస్తే, కుడిచివర ఉన్నవి ఎడమచివరవాటికి మూడింతలు లావున్నాయి. వీటిని ఎవరికైనా చూపించాలి. కానీ నా ఉద్యోగం యంత్రానికి. యంత్రం గురించి అయితే మాట్లాడే హక్కుంది.


నమోదు 65
ఆగస్టు, రెండో శనివారం. ధూళి: పంతొమ్మిది గ్రాములు. ఫిల్టరు: కొత్తదే, పదిహేను రోజులకే పూడిపోయింది.

సోమవారం అలివేణి గుమ్మం దగ్గర కూలబడింది. బడికి వచ్చే దారిలో ఉన్నవి నలభై మెట్లే. పెదాలు నీలంగా ఉన్నాయి. ఎత్తుకొచ్చి జాలీ ముందు కూర్చోబెడితే గంటకి తేరుకుంది. తేరుకున్నాక మొదట అడిగింది, దానివల్ల పాఠం ఆగిపోయిందా అని.

ఆ గంటలో నాకొక ఆలోచన వచ్చింది. మహా తెలివైన ఆలోచన. యంత్రం గురించి కేంద్రానికి ఫిర్యాదు పెడితే మూడురోజుల్లో మనిషి వస్తాడు. ఒకసారి రిమోటులో బటను నొక్కుకుపోతే రెండోరోజుకే వచ్చాడు. అలాంటప్పుడు ఈ పిల్ల కష్టాన్ని యంత్రం కష్టంగా రాస్తే?

అలాగే రాశాను. పిల్ల రోగ లక్షణాలన్నీ యంత్రానికి అంటగట్టాను.

"మూడో గట్టు బడిలోని ప్రొజెక్టరు గాలి అందక తరచు ఆగిపోతున్నది. కొద్ది పనికే వేడెక్కుతున్నది. లోపల ఈల వేసినట్టు శబ్దం వస్తున్నది. విశ్రాంతి ఇచ్చినా పూర్తిగా కోలుకోవడం లేదు. గదిలోని ధూళి రెండు నెలల్లో మూడింతలైంది, తూకాలు జతచేశాను. ఈ స్థితి కొనసాగితే పరికరం శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది. కాబట్టి పరికరానికి శుభ్రమైన గాలి అందే ఏర్పాటు వెంటనే చేయగలరు."

మొదట "గదికి శుభ్రమైన గాలి" అని రాశాను. గది అంటే మళ్ళీ ఆరోగ్య విభాగానికి తోసేస్తారని భయం వేసింది. కొట్టేసి "పరికరానికి" అని రాశాను. యంత్రం ఉన్నది గదిలోనే కదా, యంత్రానికి మంచి గాలి ఇవ్వాలంటే గదికి ఇవ్వక ఛస్తారా అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.


నమోదు సంఖ్య లేదు
ఆగస్టు, మూడో సోమవారం.

మూడురోజులన్నాను, రెండురోజులకే వచ్చాడు. నిరంజన్ అని కుర్ర ఇంజనీరు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విప్పాడు. రిజిస్టరు తిరగేసి, మేడమ్, ఇంత శ్రద్ధగా రాసినది నేను ఏ బళ్ళోనూ చూడలేదన్నాడు. వంకాయ కూర పేజీ వస్తుందేమోనని పక్కనే నిలబడి చూశాను. అంకెల గళ్ళు తప్ప మిగతావి చూడలేదు. కవర్లన్నీ ఒక పెట్టెలో సర్ది పరీక్షకని తీసుకెళ్ళాడు. గది కొలతలు తీసుకున్నాడు. బెల్టు ఫోటో తీశాడు. అలివేణి జాలీ పక్కనే కూర్చుని ఉంటే దాన్ని కొంచెం జరగమని ప్రొజెక్టరుకి కూడా ఫోటో తీశాడు.

గాలి ఏర్పాటు పెద్ద ఎత్తున చేస్తారా అని అడిగాను. ఈ యంత్రాలు ఇప్పుడు తయారవడం లేదనీ, ఉన్నవాటిని ఎలాగైనా కాపాడుకోవాలని పైనుంచి ఆర్డర్లున్నాయనీ, ఎంతైనా చేస్తారనీ చెప్పాడు.

సాయంత్రం బెల్టు దగ్గరికి నేనే వెళ్ళి పోలమ్మకి చెప్పాను, ఇంకో వారంలో గదికి మంచి గాలి వస్తుందని. ఆవిడ పార కిందపెట్టి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం నేను పుచ్చుకున్నాను.


నమోదు 66
ఆగస్టు, నాలుగో శనివారం. ధూళి: సున్నా.

గాజు గది కట్టారు. ప్రొజెక్టరు చుట్టూ.

నిలువెత్తు పెట్టె. రెండు చేతులు చాపినంత వెడల్పు. అంచులకి రబ్బరు, తలుపుకి పిడి. కప్పుమీద గాలి శుద్ధిచేసే పెద్ద యంత్రం, దాన్నించి లావుపాటి గొట్టం నేరుగా పెట్టెలోకి. లోపలి వేడిగాలి ఇంకో గొట్టంలోంచి గోడకి చిల్లిపెట్టి బయటికి. ప్రొజెక్టరు లోపల హాయిగా, మంచులో పెట్టిన మామిడిపండులా మెరుస్తూ కూర్చుంది. గదిలో గాలి ఎప్పటిలాగే ఉంది. పిల్లలు ఎప్పటిలాగే ఉన్నారు. అలివేణి చోటు మాత్రం లేదు. ఆ జాలీ ఇప్పుడు గాజుకి అవతల ఉంది.

నిరంజన్‌ని నిలబెట్టి అడిగాను. గదికి కదా అడిగింది అన్నాను. అతను నామీద జాలిపడ్డాడు.

"మేడమ్, పరికరానికి అని మీరే రాశారు. మీ లెటరు చూసే దీన్ని డిజైన్ చేశాం. గది గాలి మా విభాగం కాదు."

కవర్ల సంగతి అడిగాను. తూకాలు నమోదు చేసుకున్నాక, ధూళి పారవేసే నిబంధన ప్రకారం పారేశారట. నేను రెండున్నరేళ్ళు ఆ నిబంధన తప్పి దాచినవన్నీ అతను ఒక్క పూటలో నిబంధన ప్రకారం పారేశాడు. దాచినదాన్ని నా చేత్తోనే పెట్టెకెత్తి ఇచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అలివేణి వచ్చి గాజుకి చెంప ఆనించి కూర్చుంది. చల్లగా ఉందండి, కానీ గాలి రావట్లేదండి అంది. తప్పు నాదే అని దానికి చెప్పాను. మీరేం చేశారండి అంది.


నమోదు 67
సెప్టెంబరు, రెండో శనివారం. ధూళి: సున్నా. శుభ్రం చేయడానికి ఏమీ లేదు.

తలంటు లేని శనివారం. పిల్లలు అలవాటుకొద్దీ కిటికీ దగ్గరికి చేరి, ఏమీ లేకపోతే వెళ్ళిపోయారు.

రాయకూడనిది రాస్తున్నాను. చదవరన్న ధైర్యంతో. సోమవారం నుంచి మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టగానే ప్రొజెక్టరు ఆపి, అరగంట చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, గాజు తలుపు తెరిచి, అలివేణిని ఒళ్ళంతా తడిగుడ్డతో తుడిచి, లోపల బల్ల కింద కూర్చోబెడుతున్నాను. మోకాళ్ళు ముడుచుకుంటే పడుతుంది. పైనుంచి గాలి వస్తూనే ఉంటుంది, ఉక్కిరిబిక్కిరి అవుతుందన్న భయం లేదు. నేను పిడి పట్టుకుని అక్కడే నిలబడతాను.

మొదటిరోజు అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. ఒళ్ళెరగకుండా నిద్రపోయి దానికి నెలలయింది. నోరు తెరుచుకుని, ఈల లేకుండా నిద్రపోయింది. పిల్లలు పళ్ళాలు పట్టుకుని గాజు చుట్టూ నిలబడి, లేపకుండా గుసగుసగా "అలివేణికి తలంటు" అని పాడారు.

నలభై నిమిషాలు. రోజుకి నలభై నిమిషాలు ఆ పిల్లకి గాలి దొరుకుతోంది. గుమ్మం దగ్గర కూలబడటం ఈ వారంలో ఒక్కసారీ లేదు. పోలమ్మ బెల్టు దగ్గర్నుంచి చెయ్యి ఊపింది. మిగతా ముప్పైమంది సంగతి కూడా ఆలోచించాలి. వరస పెట్టి తలా పది నిమిషాలు ఇస్తే ఎలా ఉంటుందని లెక్క వేస్తున్నాను.


నమోదు 68
సెప్టెంబరు, నాలుగో శనివారం. ధూళి: సున్నా.

మెమో వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"మీ బడిలోని రక్షణ పెట్టెలో గత పది పనిదినాలుగా మధ్యాహ్నం వేళ అనుమతి లేని తేమ నమోదవుతున్నది. తేమ పరికరానికి హానికరం. కారణం తెలుపగలరు."

అనుమతి లేని తేమ. ఆ పిల్ల ఊపిరి వదులుతుంటే వాళ్ళ మీటరుకి తెలిసిపోయింది. దగ్గితే ఏడాదిన్నరగా వినపడనివాళ్ళకి, ఊపిరి పీల్చుకుంటే పది రోజుల్లో వినపడింది.

నిజమే రాసి పంపాను. రోల్ నంబరు పద్నాలుగు, అలివేణి, ఉబ్బసం, గాలి కోసం. మూడోరోజు నిరంజన్ తాళంతో వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విప్పాడు. నా కళ్ళలోకి చూడకుండా తాళం బిగించాడు. తాళంచెవి కేంద్రంలో ఉంటుందట. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, నాకూ ఒక కూతురుందండి అన్నాడు. ఏ గట్టు బళ్ళో చదువుతోందని అడిగాను. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయాడు.

తాళం బిగించాక ఇంకో కాగితం కూడా అతనే ఇచ్చాడు. శుభ్రం చేయవలసిన ఫిల్టరు లేనందున, మూడో గట్టు బడిలో పరికర సంరక్షకురాలి పోస్టు ఈ నెలాఖరుతో రద్దు. రిజిస్టరు పూర్తిచేసి అప్పగించాలి. ఖాళీ గళ్ళు ఉండకూడదు.

ఆ చోటు దానిదేనని మాట ఇచ్చిన మనిషిని నేను. ఇప్పుడు చోటూ లేదు, నేనూ ఉండను.


నమోదు 69
సెప్టెంబరు ముప్పై. చివరి వరస.

ఈ పేజీలో ఒక్క వరస మిగిలింది. ఖాళీ ఉంచకూడదన్నారు కాబట్టి నింపుతున్నాను. పాఠం నడుస్తోంది. ప్రొజెక్టరు కడిగిన ముత్యంలా ఉంది, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. అలివేణి నా వెనక బెంచీమీద కూర్చుంది. ఇంటికి పొమ్మంటే పోదు, ఇంట్లో ఇంకా కష్టం.

పరికరం పేరు: అలివేణి, రోల్ నంబరు 14.

ఫిల్టర్లు: రెండు. లోపల ఉన్నాయి. బయటికి తీసే వీలు లేదు.

బదులు ఫిల్టరు: స్టాకులో లేదు.

ధూళి బరువు: తూచలేదు. నా దగ్గరున్న కాటాకి అందదు.

శుభ్రపరిచే విధానం: దగ్గు.

చివరిసారి శుభ్రం చేసిన సమయం: ఇప్పుడే. ఈ గడి రాస్తుండగా నాలుగుసార్లు.